లేతకూ ముదురుకూ నడుమ ఏమంటాం?

సందేహం: మా బాత్రూంకు రంగు వేయిస్తున్నాం. కింద కడప బండ పరిచాం, గోడలకు సగం దాకా తెల్ల టైల్స్. పైన మిగిలిన గోడకు "లైటా, డార్కా?" అని పెయింటర్ అడిగితే "రెండూ వద్దు, మధ్యరకం వెయ్యి" అన్నాను. "మధ్యరకం అంటే క్వాలిటీ తక్కువది అనుకుంటాడు, మధ్యస్థ వర్ణం అనాలి" అని మా పాప తగులుకుంది. ఈలోగా మా అత్త "పచ్చది వేయించండి, కళగా ఉంటుంది" అంటే పెయింటర్ ఆకుపచ్చ శాంపిల్ పూసి చూపించాడు. ఆమె మనసులో ఉన్నది పసుపట! ఇంతకీ నడిమి రంగును తెలుగులో ఏమనాలి? పచ్చ అంటే ఏ రంగు? ఇంకొకటి, రంగు వేయించడమా, కొట్టించడమా?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం: మీ పాప అన్నదాంట్లో సగం నిజం ఉంది. మధ్యరకం అనేది సరుకుల మాట. బియ్యమైనా కందిపప్పయినా మేలురకం, మధ్యరకం, నాసిరకం అని నాణ్యతను బట్టి చెప్పుకుంటాం. పెయింట్లలోనూ ఎకానమీ, ప్రీమియం అని రకాలున్నాయి కాబట్టి, మీ పెయింటర్ డబ్బా ధర గురించి అనుకుంటే తప్పు పట్టలేం. ఇక మధ్యస్థ వర్ణం అంటారా, వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ నిచ్చెనెక్కి బ్రష్షు పట్టుకున్న మనిషి ఒప్పుకోడు. వర్ణం అనగానే ఒకరికి అక్షరం, ఒకరికి కులం, సంగీతం నేర్చుకునేవాళ్లకు తానవర్ణం గుర్తొస్తాయి. గోడ రంగు ఆఖరున ఎప్పుడో గుర్తొస్తుంది.

లేత, ముదురు అనేవి అసలు వయసు మాటలు. లేతాకు, ముదురాకు, లేత బెండకాయ, ముదిరిన బెండకాయ అంటాం కదా, రంగులకూ వాటినే వాడుకున్నాం. వయసుకైతే ఆ రెంటికీ మధ్య నడివయసు ఉంది. రంగుకు మాత్రం ఆ 'నడి' అతకలేదు, నడిరంగు అని ఎవరూ అనరు. దానితో పని పడలేదు మరి. ఊరికే నీలం అంటే చాలు, అది లేత నీలానికీ ముదురు నీలానికీ మధ్యదే అవుతుంది. ముందు ఏ మాటా చేర్చకపోవడమే నడిమి రంగుకు గుర్తు.

అయితే గోడ దగ్గర ఈ సూత్రం బెడిసికొడుతుంది. వట్టి నీలం వెయ్యమంటే బాత్రూంలో కళ్లకు కొట్టొచ్చే నీలం వేసి పోతాడు. ఎందుకంటే రంగుకు కొలతలు రెండు. ముదురు, లేత అనేవి వెలుగు కొలత. నిండు రంగు, వెలిసిన రంగు అనేవి చిక్కదనం కొలత. బంతిపువ్వు పసుపు నిండు రంగే గానీ ముదురు కాదు. మీ కడప బండ ముదురే గానీ నిండు రంగు కాదు. తెలుగులో ఈ తేడా శుభ్రంగా ఉంది. 'డార్క్' అనే ఒక్క మాటతో రెంటినీ కలిపేసి మనమే చెడగొట్టుకున్నాం. మీరు వద్దన్న డార్క్‌లో ముదురూ ఉంది, నిండూ ఉంది. మీకు కావలసింది వెలుగులో నడిమిది, చిక్కదనంలో కాస్త తగ్గినది.

మీ కోరిక సబబైనదే. మన వైపు బోరునీళ్లు గోడ మీద చిలికి ఆరితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. ముదురు రంగు మీద అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. లేత రంగు మీదైతే సబ్బు మురికీ, కొళాయి తుప్పూ ఊరుకోవు. నడిమి రంగు రెంటినీ కొంత కప్పుకుంటుంది. మీ నేల కూడా చూడండి. కడప బండ ఆరినప్పుడు బూడిద చాయలో ఉంటుంది, నీళ్లు పోసుకుని వచ్చాక చూస్తే నల్లగా ఉంటుంది. ఆ నలుపుకూ టైల్స్ తెలుపుకూ పొత్తు కుదిర్చేది వాటి నడుమ రంగే.

అలాంటి రంగులకు మనవాళ్లు విశేషణాలతో కాకుండా వస్తువులతో పేర్లు పెట్టుకున్నారు. గచ్చకాయ రంగు ఉంది. చిన్నప్పుడు గచ్చకాయను బండకు రుద్ది పక్కవాడికి చురక పెట్టినవాళ్లకు ఈ రంగు వర్ణించి చెప్పనక్కర్లేదు. నున్నటి ఆ గింజను వెలుతురులో తిప్పి చూడండి. ఉత్త బూడిద కాదు, అందులో పిసరంత నీలం, పిసరంత ఆకుపచ్చ దోబూచులాడతాయి. షేడ్ కార్డులో మీరు వెతుకుతున్నది ఇదే కావచ్చు. ఉల్లిపొర రంగు ఉంది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి రాశి పక్కన నిలబడ్డవాళ్లకు అందులో గులాబీ ఎంతో, గోధుమ ఎంతో తెలుసు. ఇటుక రంగు, గంధం రంగు, ముక్కుపొడి రంగు, గోరింటాకు పచ్చ కూడా ఈ కోవలోవే. జేగురు మాత్రం కొంచెం ముదురు వైపు పోతుంది. ధర్మవరం చీరలు అమ్మే అంగళ్లలో ఇలాంటి పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. పెయింట్ అంగట్లో కార్డు తిప్పితే ఒక్కటీ కనబడదు, అన్నీ సముద్రాల పేర్లూ ఐస్‌క్రీం పేర్లూనూ!

అచ్చంగా 'రెంటికీ నడుమ' అనే అర్థమొచ్చే మాట మనకు ఒకటుంది. అది చామనచాయ. ఎర్రగా బుర్రగా ఉన్న మనిషికీ నల్లటి మనిషికీ మధ్య చాయ అది. దాన్ని ఒంటికే పరిమితం చేసుకున్నాం కాబట్టి గోడను చామనచాయ అంటే నవ్వుతారు. గోడలకు పెళ్లిచూపులు లేవు.

ఇక పచ్చ సంగతి. మీ అత్తా తప్పనలేదు, పెయింటరూ తప్పు చేయలేదు. తెలుగులో పచ్చ రెండు రంగులకూ పేరు. పచ్చగడ్డి, పచ్చని పైరు ఒక వైపు. పచ్చకామెర్లు, పచ్చగన్నేరు, పచ్చని బంగారం ఇంకో వైపు. మన సీమ పచ్చజొన్నల్ని చూడండి, ఆ గింజలు పసుపే కదా. మీ ఊళ్లో కాపురమున్న సి.పి. బ్రౌన్ దొర కూడా 1852 నాటి తన నిఘంటువులో పచ్చకు పసుపు, ఆకుపచ్చ రెండర్థాలూ ఇచ్చాడు. ఈ తికమక తప్పించుకోవడానికే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందు ఒక మాట తగిలించుకుంటున్నాం. అంగట్లో ఆ ముందు మాట వదలొద్దు. ఆకుపచ్చలో నడిమిది కావాలంటే గోరింటాకు పచ్చ అనండి, చిలకపచ్చ అంటే మళ్లీ నిండు రంగే వస్తుంది. పాచి రంగు కూడా నడిమిదే గానీ బాత్రూం గోడకు ఆ పేరు చెప్పి ఎవరూ రంగు కొనలేరు!

రెండు రంగుల కలయిక చెప్పాలంటే 'కొట్టు' అనే క్రియ ఉంది. నీలం కొట్టే బూడిద, ఎరుపు కొట్టే గోధుమ అనండి, చదువుకోనివాళ్లకూ తెలుస్తుంది. దాంతోపాటు కార్డు మీది నంబరూ చెప్పండి. మాటకు అందని తేడాలు నంబరుకు అందుతాయి. రంగు ఎంత వెలుగును తిరిగి పంపుతుందో నలుపుకు 0, తెలుపుకు 100 అని లెక్కపెట్టి కొన్ని కంపెనీలు ఆ అంకె కూడా ఇస్తాయి. నడిమి రంగులు ఆ వరుస మధ్యలో ఉంటాయి. చిన్న గదిలో ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి, కార్డులో కంటే ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి మనసుకు నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది తీసుకుని, చదరపు అడుగంత పూయించి, పగలొకసారి, లైటు వేశాక ఒకసారి చూడండి. ఇది భాషకు సంబంధించిన సలహా కాదు గానీ, మీరు అడిగిన 'నడిమి'కి అర్థం తేలేది అక్కడే.

వేయించడం, కొట్టించడం రెండూ సాధువే. సున్నం రోజుల్లో కుంచెతో గోడను నిజంగానే కొట్టేవారు. "సున్నం కొట్టించినారా?" అనే మన వైపు మాట రంగుకూ సాగింది. వేయించడం ఎక్కడైనా చెల్లుతుంది. పూయడం కూడా గోడకు పనికొస్తుంది. అద్దడం గుడ్డకు. పులమడం మాత్రం పని బాగా చేయనివాణ్ని తిట్టడానికి.