ఈఎంఐకి ఆషాఢం ఉండదు

ప్రశ్న: నా వయసు 26. హనుమకొండలో రూము తీసుకుని ఉంటూ ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 34,000 వస్తుంది. ఇంటికి 10,000, రూము, తిండికి 11,500, బండి ఈఎంఐ 3,200, పెట్రోలు, ఫోను, ఇతరాలకు 4,000 పోతాయి. క్రెడిట్ కార్డు మీద 16,500 బాకీ ఉంది. దానికి నెలనెలా 900 దాకా మినిమం కడుతున్నాను. బ్యాంకులో 40,000 ఉన్నాయి. రాత్రిళ్లు ఒక స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. వాళ్ల సిస్టమ్ మీద చేస్తే పెళ్లికి 3,000 ఇస్తారు. సొంత ల్యాప్‌టాప్ ఉంటే 5,500 ఇస్తామంటున్నారు. పోయిన ఏడాది 18 పెళ్లిళ్లు చేశాను. వచ్చే మూడు నెలలకు ఐదు ఒప్పుకున్నాను. షాపులో మూడు చూశాను: లెనోవో లాక్ 72,000, అందులో ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు. హెచ్‌పీ విక్టస్ 67,000, ఏసర్ నైట్రో వి 66,000, ఈ రెండింట్లోనూ 6 జీబీ 3050. వాలరెంట్, జీటీఏ 5 గేములు ఆడతాను. బీటెక్ చదివే తమ్ముడూ వాడుకుంటాడు. ఏ బ్రాండ్ తీసుకోవాలి? లాక్‌కి 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, నెలకు 6,000. ఆఫర్ ఆదివారం వరకేనట.

జవాబు: ఆదివారం వెళ్లకండి. బ్రాండ్ సంగతి తరవాత మాట్లాడుకుందాం, ముందు మీరు రాసిన అంకెలే ఒకసారి కూడదాం. ఖర్చులన్నీ కలిపితే 29,600. మిగిలేది 4,400. అందులోంచి 6,000 ఈఎంఐ ఎలా కడతారు? పెళ్లిళ్ల డబ్బుతో కదా మీ లెక్క. నాకు భయం వేసింది అక్కడే. పెళ్లిళ్లు ముహూర్తాలను బట్టి వస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే స్టూడియో ఖాళీ. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో పడితే ఇంకొన్ని వారాలు పోతాయి. ఈఎంఐ తేదీ మాత్రం పంచాంగం చూసి రాదు. ఒక్క నెల తప్పినా లేటు ఫీజు, వడ్డీతో పాటు క్రెడిట్ స్కోరు మీద మచ్చ. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఈఎంఐ జీతంలో పట్టాలి, పెళ్లి డబ్బు పైన మిగలాలి.

ఇక ఆ 16,500. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. అంటే నెలకు సుమారు 577, దాని మీద 18 శాతం జీఎస్టీ 104. మీరు కడుతున్న 900లో 680 అక్కడే ఆవిరి, అసలులో తగ్గేది 220. పైగా పాత బాకీ నడుస్తుండగా అదే కార్డు గీకితే కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు. ఇలాంటి కార్డు మీద 72,000 ఈఎంఐ ఎక్కిస్తే, ఆ వాయిదా కూడా వచ్చి మినిమంలో కలుస్తుంది. కాబట్టి ఈ వారంలోనే బ్యాంకులోని డబ్బుతో ఆ 16,500 పూర్తిగా కట్టేయండి. బ్యాలెన్స్ 23,500కి పడిపోతే మనసు చివుక్కుమంటుంది, తెలుసు. కానీ నెలకు 900 మిగలడం మొదలవుతుంది.

నో కాస్ట్ అన్న మాటకూ ఒక లెక్క ఉంది. సున్నా వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. కాబట్టి ఇప్పుడు జరిగేది ఇదీ: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని కంపెనీయో షాపో ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తుంది. వడ్డీ 15 శాతం అనుకుంటే, మీ 72,000లో బ్యాంకు ఇచ్చే అప్పు 66,476, మిగతా 5,524 వడ్డీ. ఆ వడ్డీ మీద జీఎస్టీ 994. అది మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. మొత్తం 1,229 అదనం. పెద్ద దోపిడీ ఏమీ కాదు, ఊరికే వచ్చిందీ కాదు. షాపువాడిని ఒక మాట అడిగి చూడండి: "ఈఎంఐకి ఇచ్చే ఆ ఐదున్నర వేల డిస్కౌంట్ రొక్కానికి ఇస్తారా?" కొందరు ఇవ్వరు, కొందరు సగం ఇస్తారు. అడగడానికి డబ్బులేమీ పడవు.

ల్యాప్‌టాప్ వద్దని మాత్రం నేననను. సొంత మెషీన్ ఉంటే పెళ్లికి 2,500 ఎక్కువ వస్తుంది. 66,000 పెడితే 27 పెళ్లిళ్లకు, అంటే మీ వేగంలో ఏడాదిన్నరకు అసలు చేతికొస్తుంది. అయితే స్టూడియో ఇస్తానన్న ఆ 5,500ని నోటిమాటగా వదలకండి, వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. రేపు సీజన్ మొదలయ్యాక "నాలుగు వేలు ఇద్దాంలే అన్నా" అంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

ఇప్పుడు బ్రాండ్లు. మీరు అడిగినట్టు "ఏది మంచిది" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను నమ్మకండి. ఒకే బ్రాండు, ఒకే పేరు కింద పది రకాలు అమ్ముతున్నారు. ఉదాహరణకు ల్యాప్‌టాప్ 4050 కార్డుకు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కంపెనీ ఇష్టం వచ్చినంత కరెంటు ఇవ్వొచ్చు. తక్కువ వాట్లిచ్చిన 4050, ఎక్కువ వాట్లిచ్చిన 4050 ఒక్కలా పరిగెత్తవు. బయట స్టిక్కరు మాత్రం ఒకటే. కంపెనీ సైటులో పూర్తి మోడల్ నంబరు కొట్టి ఆ వాట్లు చూడండి. రాయకపోతే షాపువాడిని అడగండి. వాడు నీళ్లు నమిలితే ఆ మోడల్ వదిలేయండి.

మీ పనికి నేను అన్నిటికన్నా ముందు చూసేది స్క్రీను. ఈ ధరలో చాలా మెషీన్లకు 144 హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద ఎక్కడో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే మీకు కావాల్సిన రంగుల్లో మూడింట రెండు వంతుల దాకానే చూపిస్తుందన్నమాట. గేముకు పర్వాలేదు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర మాత్రం దాంట్లో వెలిసిపోయి కనిపిస్తుంది, మీరు రంగు పెంచుతారు. వాళ్లింట్లో టీవీలో పెట్టేసరికి పసుపు రాసిన మొహాలు నారింజపండ్లలా తయారవుతాయి. మీకు కావాల్సింది 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, అంటే మామూలు వీడియోలకు వాడే రంగులన్నీ చూపే స్క్రీను. షాపుకు వెళ్లేటప్పుడు మీరు ఎడిట్ చేసిన ఒక క్లిప్ పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి మూడింట్లోనూ వేసి చూడండి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో 3050 అయినా 4050 అయినా మీరు చూసిన మోడళ్లలో మెమరీ 6 జీబీయే. 4050 వేగం ఎక్కువ, ఎక్స్‌పోర్టు త్వరగా అవుతుంది. కానీ వాలరెంట్‌కి పెద్ద కార్డే అక్కర్లేదు. జీటీఏ 5 కంప్యూటర్ మీదకు వచ్చింది 2015లో, 3050 దాన్ని హాయిగా నడుపుతుంది. కెమెరా వాళ్లు హెచ్.265లో 10 బిట్, 4:2:2 ఫుటేజీ (రంగుల వివరం ఎక్కువుండే బరువైన వీడియో ఫార్మాట్) ఇస్తుంటే మాత్రం ప్రాసెసరు ఇంటెల్‌ది తీసుకోండి. దానిలోని సొంత గ్రాఫిక్స్ ఆ ఫైళ్లను సులువుగా చదువుతుంది. 3050, 4050 కార్డులకు ఆ పని రాదు, టైమ్‌లైన్ నత్తలా కదులుతుంది. ఈ ఒక్క ముక్క మీకు 6,000 తేడా కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఫుటేజీ ఏ ఫార్మాట్‌లో వస్తోందో స్టూడియోలో ఒకసారి అడిగి తెలుసుకోండి.

ర్యామ్ 16 జీబీ ఉండాలి, అదీ 8 జీబీవి రెండు ముక్కలైతే మేలు. ఇదివరకు నేను 8 జీబీతో కొని తరవాత వేయించుకోండి అనేవాడిని. ఇప్పుడు అనను. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నుంచి వాటి ధరలు బాగా పెరిగాయి.

చివరిది సర్వీసు. 2017లో నేను ఖమ్మంలో ఉన్నప్పుడు ఒక కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నాను, పేరు ఎందుకులెండి. పదో నెలలో మూత కీలు (హింజ్) విరిగింది. ఊళ్లో సర్వీస్ సెంటర్ లేదు. హైదరాబాద్‌కు రెండుసార్లు బస్సులో తీసుకెళ్లాను, 19 రోజులు క్లయింట్ల ఫైళ్లన్నీ ఆగిపోయాయి. అందుకని మూడు కంపెనీల సైట్లలోనూ మీ పిన్‌కోడ్ కొట్టండి. హనుమకొండలోనో వరంగల్‌లోనో సెంటర్ కనిపిస్తే ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి, వచ్చినవాళ్లను "ఎన్ని రోజులైంది ఇచ్చి?" అని అడగండి. యూట్యూబ్ రివ్యూలు పది చూసినా ఆ జవాబు దొరకదు. వారంటీలో మనిషి ఇంటికొస్తాడా, మనమే మోసుకెళ్లాలా అన్నదీ మోడల్‌ను బట్టి మారుతుంది.

నా ఓటు ఎటంటే: సర్వీసు మూడింటికీ సమానంగా ఉంటే 66,000 నైట్రో. దాని స్క్రీను పేలవంగా ఉంటే, లాక్‌తో పోలిస్తే మిగిలే ఆరు వేలకు ఇంకొంచెం కలిపి రూములో ఒక మంచి ఐపీఎస్ మానిటర్ (రంగులు సరిగ్గా చూపే రకం) పెట్టుకోండి. మీరు ఎడిటింగ్ చేసేది ఎలాగూ రూములోనే కదా. లాక్ స్క్రీను ఎస్‌ఆర్‌జీబీ ఉండి, నైట్రోది లేకపోతే, మానిటర్ పెట్టే చోటూ లేకపోతే, అప్పుడు 72,000 పెట్టడం తప్పు కాదు. విక్టస్ అదే కార్డుకు వెయ్యి ఎక్కువ అడుగుతోంది. హెచ్‌పీ సెంటర్ మీ వీధిలో ఉంటే తప్ప దాని వైపు నేను చూడను.

ఎప్పుడు కొనాలంటే, మూడు నెలల తరవాత. కార్డు కట్టేశాక మీ దగ్గర 23,500. నెలకు మిగిలే 5,300 లెక్కన మూడు నెలలకు 15,900. ఐదు పెళ్లిళ్లు పాత రేటుకే 15,000. మొత్తం 54,400. ఇందులో 20,000 జ్వరానికీ జబ్బుకీ అని పక్కన పెట్టేయండి, ముట్టుకోకూడదు. మిగతాదాంట్లో 34,000 షాపులో కట్టి 32,000 మాత్రమే కార్డు మీద తొమ్మిది నెలల ఈఎంఐ పెట్టమనండి. నెలకు 3,556. జీఎస్టీ, ఫీజు కలిపినా అదనం ఆరు వందల లోపే. ఒక్క పెళ్లి లేని నెలలో కూడా జీతంలోంచి కట్టి పదిహేడు వందలు మిగులుతాయి. మెమరీ ధరల వల్ల ఈలోగా రేటు రెండు మూడు వేలు పెరగొచ్చు, అది నిజమే. పెరిగినా మంచిదే అంటాను. జీతం చాలని ఈఎంఐ నెత్తిన పెట్టుకోవడం కన్నా అది చవక.

బిల్లు మీ పేరునే చేయించుకోండి. 66,000లో పది వేల పైచిలుకు జీఎస్టీయే ఉంటుంది. అది చూసి "ఫ్రెండ్ జీఎస్టీ నంబరు మీద బిల్లు కొడదాం, వెనక్కొస్తుంది" అనే మహానుభావులు ప్రతి షాపులోనూ ఒకరుంటారు. అది తప్పుడు క్లెయిమ్. పైగా రేపు వారంటీకి వెళ్తే బిల్లు వేరేవాళ్ల పేరున ఉంటుంది. ఆదాయపు పన్ను గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. జీతం, ఎడిటింగ్ కలిపినా కొత్త విధానంలో 12 లక్షల రిబేటు గీతకు ఎంతో కింద ఉన్నారు. రిటర్నులో ఎడిటింగ్ ఆదాయం చూపించడం మాత్రం మానకండి. డబ్బు కట్టే ముందు కౌంటర్ దగ్గరే సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి, వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. డిస్‌ప్లేలో నాలుగు నెలలు ఆడించిన పీసును కొత్తదని అంటగట్టే షాపులు ఉన్నాయి.

తమ్ముడి సంగతి. వాడుకోనివ్వండి, కాకపోతే వేరే లాగిన్ పెట్టండి. 512 జీబీ డ్రైవులో జీటీఏ ఒక్కటే వంద జీబీ దాకా మింగుతుంది. ఒక పెళ్లి ఫుటేజీ దానికి రెండు మూడింతలు ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు లేకుండా గడవదు. అది మీ డబ్బుతో కొనకండి, స్టూడియో వాళ్లనే ఇమ్మనండి. ఫుటేజీ వాళ్లది కాబట్టి డిస్కూ వాళ్లదే ఉండాలి.