కలలో వస్తువులు పగలగొడుతున్నాను.. ఇది మానసిక సమస్యా?

ప్రశ్న: నా వయసు 38. మంచం పట్టిన మా అత్తగారిని చూసుకోవడానికి నిరుడు ఉద్యోగం మానేశాను. మైగ్రేన్‌కు నాలుగు నెలలుగా ప్రొప్రనలాల్ వాడుతున్నాను. మూడు నెలలుగా తెల్లవారుజామున ఒకే తరహా కల వస్తోంది. బీరువా అద్దం, వంటింట్లో గాజు సీసాలు పగలగొడుతూ ఉంటాను. గుండెదడతో మెలకువ వస్తుంది. నిజంగానే అలా చేస్తానేమోనని భయం. తెల్లవారుజాము కల నిజమవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా మీరు ఆ భయం వదిలేయండి. కలలో వస్తువులు పగలగొట్టినంత మాత్రాన మెలకువలోనూ అదే పని చేస్తారని కాదు, మీలో హింసా స్వభావం దాగి ఉందనీ కాదు.

స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే ఆర్ఈఎం నిద్రను (కనురెప్పల వెనుక కళ్లు వేగంగా కదిలే దశను) శాస్త్రవేత్తలు 1953లో గుర్తించారు. సుమారు 90 నిమిషాలకోసారి వచ్చే ఈ దశ, రాత్రి గడిచేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజాము కలలు అంతగా గుర్తుండటానికి కారణం ఇదే తప్ప శకునం కాదు. ఆ సమయంలో మెదడులో భయాన్ని, కోపాన్ని రేకెత్తించే అమిగ్డలా చురుగ్గా ఉంటుంది. మంచిచెడులు ఆలోచించి మనల్ని ఆపే ముందు భాగం మాత్రం మందగిస్తుంది. అందుకే పగలు పెదవి దాటని కోపం కలలో చేతల్లోకి వస్తుంది.

కలలన్నీ అణచివేసిన కోరికలేనని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1900లో ప్రతిపాదించినా, పగటి ఆలోచనలు, ఆందోళనలే కలల్లో కొనసాగుతాయన్న అభిప్రాయానికి ఇప్పుడు ఎక్కువ ఆదరణ ఉంది. అద్దం పగిలితే ఒక అర్థం, సీసా పగిలితే మరో అర్థం అని చెప్పే పట్టికలకు ఆధారం లేదు. పగలగొడుతున్నప్పుడు మీకు ఏమనిపించింది అన్నదే నేను ముఖ్యంగా అడుగుతాను. కోపమా, భయమా, తప్పు చేశానన్న బాధా, లేక బరువు దిగినట్టు హాయిగా అనిపించిందా? ఆ వస్తువులు ఎవరివి? పక్కన ఎవరైనా చూస్తున్నారా? రెండు వారాల పాటు లేవగానే ఈ వివరాలను, అంతకుముందు రోజు మిమ్మల్ని నొప్పించిన సంగతిని నాలుగు వాక్యాల్లో రాయండి.

ఉత్తరం ఆధారంగా కచ్చితంగా చెప్పలేను గానీ, ఉద్యోగం వదులుకుని, రాత్రింబవళ్లు ఒక మనిషి మంచం పక్కనే ఉంటూ, ఆ శ్రమను ఎవరూ శ్రమగా లెక్కించకపోతే కోపం రావడం సహజం. ఆ కోపం అత్తగారి మీద ప్రేమ లేకపోవడం వల్ల వచ్చేది కాదు. కానీ కోడలిగా ఆ మాట బయటికి అనలేరు, అనుకోవడానికే మనసు ఒప్పదు. పెద్దల సేవ ఒక్కరి మీదే వేసి మిగిలినవారంతా నిశ్చింతగా ఉండటం న్యాయం కాదని నా అభిప్రాయం. వారంలో కొన్ని పూటలైనా మీ భర్తగానీ ఇతర కుటుంబ సభ్యులుగానీ ఆ బాధ్యత తీసుకోవాలని స్పష్టంగా అడగండి.

మీ ఉత్తరంలో నా దృష్టికి వచ్చిన మరో అంశం మాత్ర. ప్రొప్రనలాల్ మెదడులోకి సులువుగా చేరుతుంది. కొందరిలో తీవ్రమైన కలలు, పీడకలలు తెప్పిస్తుంది. మాత్ర మొదలైన కొద్ది వారాలకే మీ కలలూ మొదలయ్యాయి కాబట్టి, ఈ సంగతి మందు రాసిన డాక్టరుకు చెప్పండి. మోతాదు గానీ మందు గానీ మార్చే వీలుంటుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయవద్దు, అది గుండెకు ప్రమాదం.

కల ఇలాగే కొనసాగితే, దాని ముగింపును మీకు నచ్చినట్టు మార్చి రాసుకుని, రోజూ 10 నుంచి 20 నిమిషాలు పగటిపూట మనసులో ఊహించుకునే చికిత్సా పద్ధతి ఉంది. తరచూ పీడకలలు వచ్చే చాలామందికి ఇది ఉపకరిస్తుంది. సైకాలజిస్టు దగ్గర నేర్చుకోవచ్చు.

ఆర్ఈఎం నిద్రలో కండరాలు దాదాపు కదలకుండా ఉంటాయి. నిద్రలోనే చేతులు విసరడం, తన్నడం, అరవడం, మంచం మీద నుంచి పడటం వంటివి జరుగుతున్నాయా అని మీ భర్తను అడగండి. జరుగుతుంటే న్యూరాలజిస్టును కలవాలి, నిద్ర పరీక్ష అవసరం కావచ్చు. 50 ఏళ్లు దాటినవారిలో ఇలాంటి కదలికలు కొన్నిసార్లు పార్కిన్సన్స్ వ్యాధికి ముందస్తు సూచన అవుతాయి కనుక వారు అసలు ఆలస్యం చేయకూడదు.

మెలకువలో కూడా వస్తువులు విసరాలన్న ఆవేశం ఆపుకోలేకపోయినా, రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, బతకాలనిపించకపోయినా వెంటనే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.