ఒకే దారి, రెండు కొసలు

ప్రశ్న: మా ప్రాంతంలోని ముంబై రోడ్డూ, ఎల్.బి. నగర్ అవతలి విజయవాడ రోడ్డూ ఒకే జాతీయ రహదారి అంటారు. నిజమేనా? దాని రెండు కొసల్లో దృశ్యాలు, బోర్డులు ఎలా ఉంటాయి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నిజమేనండీ. ఒకప్పుడు 9వ నంబరుగా ఉండి, ఇప్పుడు 65గా మారిన జాతీయ రహదారిలోని భాగాలే ఆ రెండూ. మనవాళ్లు ముంబై రోడ్డని పిలుచుకున్నా, అది పుణెలోనే ఆగిపోతుంది. ఆ కొసన సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి, చెరకు తోటలు, భిగ్వణ్ దగ్గర ఉజనీ జలాశయపు నీళ్లు కనిపిస్తే, మచిలీపట్నం కొసన నేల పూర్తిగా చదునై, కృష్ణా డెల్టా వరిచేలూ, గట్ల మీద తాటిచెట్లూ దాటాక సముద్రం వస్తుంది. బోర్డుల మీద పుణె వైపు దేవనాగరిలో మరాఠీ, బీదర్ జిల్లాలో కన్నడ, జహీరాబాద్ సమీపించేసరికి తెలుగు కనిపిస్తాయి. పసుపు తల, తెల్లని ఒళ్లు ఉన్న కిలోమీటరు రాయి మాత్రం మూడు రాష్ట్రాలు దాటి మచిలీపట్నం చేరినా మారదు.