తోడల్లుడి లాభం, మిర్చి నష్టం: ఇందులో అదృష్టం పాలు ఎంత?

ప్రశ్న: నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాను. మా తోడల్లుడు గారు 2013లో తుళ్ళూరు దగ్గర ఎకరం పొలం కొని, రాజధాని ప్రకటన తరువాత ఎన్నో రెట్ల ధరకు అమ్మారు. నేను 2023లో ధర బాగుందని పొదుపు సొమ్మంతా పెట్టి మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో ఉంచి నష్టపోయాను. మిగిలిన డబ్బు ఆయన చూపించిన స్థలంలో పెట్టమని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆయనది ముందుచూపు, నాది తెలివితక్కువతనమేనా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆయన లాభంలో తెలివి పాలు ఎంతో తేల్చాలంటే, ఆ రోజుల్లో రాజధాని వస్తుందన్న ఆశతో భూములు కొన్నవారందరినీ లెక్కలోకి తీసుకోవాలి. 2014 సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాల్లో రాజధాని అని శాసనసభలో ప్రకటించేవరకు నూజివీడు, దొనకొండ పేర్లు కూడా బలంగా వినిపించాయి. ఆ మాటలు నమ్మి అక్కడ కొన్నవారు మీ తోడల్లుడు గారికంటే తెలివి తక్కువ వారేమీ కాదు. వారి కథ పెళ్ళిళ్ళలో ఎవరూ చెప్పుకోరు కాబట్టి, గెలిచిన ఒక్కరి కథే మన చెవిన పడి, అదే సూత్రంలా కనిపిస్తుంది. ఆయన అమ్మకుండా మరికొన్నేళ్ళు ఆగి ఉంటే, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక కొనేవారి కోసం వెతుక్కోవలసి వచ్చేది. అప్పుడు మీ ఇంట్లోవారే ఆయనను అత్యాశకు ఉదాహరణగా చూపించేవారు.

ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2013లో ఆ పొలం ఎందుకు కొన్నారో ఆయననే అడగండి. నీటి వసతి, నేల సారం, ధర చూసి కొని ఉంటే, రాజధాని రాకపోయినా అది మంచి నిర్ణయమే. ఎవరో చెప్పారని కొని ఉంటే, ఎన్ని రెట్లు లాభం వచ్చినా ఆ సలహాను మళ్ళీ నమ్మడానికి అది ఆధారం కాదు.

మీ విషయంలో మాత్రం అదృష్టాన్ని మరీ ఎక్కువగా నిందించవద్దని మనవి. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిర్చి తోటలను నాశనం చేస్తుందని ముందుగా ఎవరూ ఊహించలేదు. పంట తగ్గి ధర పెరగడంతో, అప్పటికే సరుకు నిల్వ ఉన్నవారికి కలిసివచ్చింది. అయితే క్వింటాలు ధర 20,000 రూపాయలు దాటితే మరుసటి ఏడు సాగు పెరుగుతుందని, ధర దిగవచ్చని యార్డులో పనిచేసే మీకు తెలియని సంగతి కాదు. 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసిన స్థితి వచ్చింది. ధర ఎంతవరకు పడుతుందో అంచనా వేయలేకపోవడం మీ తప్పు కాదు, పొదుపంతా ఒకే సరుకులో పెట్టడమే తప్పు. ధర పెరిగి మీకు లాభం వచ్చి ఉన్నా నేను ఇదే మాట చెప్పేవాడిని.

ఇప్పుడు ఉన్నదంతా ఒకే స్థలంలో పెడితే అదే తప్పు రెండోసారి చేసినట్లవుతుంది. ఆ స్థలం పదేళ్ళు అమ్ముడు కాకపోయినా ఇంటి ఖర్చు, పిల్లల చదువు ఆగవు అనుకున్నంత మొత్తమే అందులో పెట్టండి.

ప్రశ్న: వరుసగా లాభాలు చూపించిన ఒక షేర్ల సలహాదారుడు ఆప్షన్లలో (షేర్ల ధరల హెచ్చుతగ్గులపై చేసుకునే ఒప్పందాలలో) డబ్బు పెట్టమంటున్నారు. నమ్మవచ్చునా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 1,024 మంది చేత పదేసి సార్లు నాణెం ఎగరవేయిస్తే, సగటున ఒకరికి పదిసార్లూ బొమ్మే పడుతుంది. ఆ ఒక్కరిలో ఏ నైపుణ్యమూ లేదు. సలహాదారులు వేలల్లో ఉన్నప్పుడు కొందరికి వరుస లాభాలు రావడం కూడా ఇటువంటిదే కావచ్చు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలను పరిశీలించిన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, ఆప్షన్లలోను, అటువంటి ఒప్పందాలే అయిన ఫ్యూచర్స్‌లోను వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని వెల్లడించింది. కనుక ముందు ఆయన సెబీ రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి, దానిని సెబీ వెబ్‌సైటులో సరిచూడండి. అది సరిగా ఉన్నా ఆప్షన్ల జోలికి వెళ్ళవద్దనే నా సలహా.