పెట్టెల్లోని పేర్ల సంగతి ముందు, స్కానింగ్ తర్వాత

మీరు అడిగింది ఇది: టెక్సస్‌లో లైబ్రరీ సైన్స్ చదువుతూ ఒక సామాజిక కేంద్రంలో వాలంటీరుగా చేస్తున్నారు. 1980ల్లో, 90ల్లో నడిచిన ఒక లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్ల) లెస్బియన్ బృందంలో ఉన్నావిడ తన గ్యారేజీలోని ఆరు అట్టపెట్టెలు మీకు అప్పగించారు. బులెటిన్లు, ఫొటో ఆల్బమ్‌లు, ఆడియో కేసెట్లు, కొన్ని వీహెచ్‌ఎస్ వీడియో టేపులు ఉన్నాయి. స్కానింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి, చివరికి ఎవరికి ఇవ్వాలి?

స్కానర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ పెట్టెల్లో అన్నిటికంటే విలువైనవి మనుషుల పేర్లు. అన్నిటికంటే ప్రమాదమైనవీ అవే. ఆ రోజుల్లో అమెరికా వలస చట్టం స్వలింగ సంపర్కులను దేశంలోకి రానిచ్చేది కాదు. ఆ నిషేధం తొలగింది 1990లో. టెక్సస్‌లో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2003 జూన్ 26న. ఈలోపు పిల్లల కస్టడీ పోతుందనీ, ఉద్యోగం పోతుందనీ, కాగితాలు లేనివాళ్లయితే దేశం నుంచే పంపేస్తారనీ భయపడుతూ ఆడవాళ్లు బృందాలు కట్టారు, చాలాసార్లు ఒకరి పేరులో సగమే ఇంకొకరికి తెలిసేలా. కొందరికి ఆ భయం నేటికీ తీరలేదు. సభ్యుల జాబితాలు, బులెటిన్ల మీద అంటించిన అడ్రసు లేబుళ్లు, ఫోన్ నంబర్ల కాగితాలు కనబడగానే విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఏ పెట్టెలోంచి తీశారో రాసిన చీటీ దాని జాగాలో ఉంచండి. ఆ ఫోల్డర్ బయటికి పోకూడదు.

ఇక పెట్టెలు. మూత తీసినప్పుడు ఎలా ఉన్నాయో పైనుంచి ఫోనుతో ఫొటో తీసి, పెట్టెకు నంబరు వేయండి. తేదీల వారీగా సర్దాలని చేతులు లాగుతాయి, సర్దకండి. ఒక సమావేశం పోస్టరు, దాని ఖర్చుల రసీదు, ఎవరో రాసిన ఉత్తరం ఒకే కవరులో ఉన్నాయంటే ఆ మూడింటి సంబంధం ఆ కవరుకే తెలుసు. బూజు వాసన వస్తే ఆ పెట్టెను వేరే గదిలో పెట్టి, ఎన్95 మాస్కు కట్టుకునే ముట్టుకోండి. తడి బూజును తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. ముందు ఆరనిచ్చి, తర్వాత సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో తీయాలి. టెక్సస్ గ్యారేజీ ఎండలు కాగితాన్ని పెళుసు చేస్తాయి, టేపును అంతకంటే ఎక్కువ చెడగొడతాయి. అందుకే ఏసీ గదిలోకి మార్చండి: 21 డిగ్రీల లోపు వేడి, 30 నుంచి 50 శాతం మధ్య తేమ, నేలకు కనీసం నాలుగైదు అంగుళాల ఎత్తులో అర. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన క్లిప్పులు తీసేయండి. స్టేపుల్ పిన్ను తుప్పు పట్టకపోతే వదిలేయొచ్చు. ఫ్యాక్సు కాగితాలు కనిపిస్తే ముందు వాటి సంగతి చూడండి. అది వేడికి నల్లబడే కాగితం, అక్షరాలు ఏటికేడు మాసిపోతాయి, వెంటనే జిరాక్స్ తీయాలి. న్యూస్‌ప్రింట్ కత్తిరింపులను ఫొటోలకు ఆనించి ఉంచొద్దు, దాంట్లోని యాసిడ్ పక్క కాగితానికి పసుపు మరకగా దిగుతుంది.

ఆల్బమ్‌లు జిగురు పేజీల మీద ప్లాస్టిక్ షీటు కప్పే రకం అయితే, ఏదీ పీకక ముందు పేజీ మొత్తం ఫొటో తీయండి. ఏ ఫొటో పక్కన ఏది ఉందో కూడా చరిత్రే. ఫొటో అంటుకుపోయి ఉంటే పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని దాని కిందనుంచి రంపంలా నడపండి. రాకపోతే అలాగే వదిలేసి స్కాన్ చేసుకోండి. చిరిగిపోయిందాన్ని అతికించలేం. విడి ఫొటోలను పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టండి. పీవీసీ వద్దు, దాన్నుంచి వచ్చే ఆవిరి ఫొటోను తినేస్తుంది. రాయాల్సింది కవరు మీద ముందే రాసి, తర్వాత ఫొటో లోపల పెట్టండి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఆవిడనూ, ఇంకా అందుబాటులో ఉన్న ఆమె స్నేహితురాళ్లనూ ఇద్దరు ముగ్గురిగా పిలవండి. పదిమందిని ఒకేసారి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడే ఇద్దరి జ్ఞాపకమే రికార్డవుతుంది. ఫొటోల నకళ్లు పెద్దగా ప్రింట్ తీసి, నంబర్లు వేసి బల్ల మీద పెట్టండి, వాళ్లు ఆ నకళ్ల మీదే రాయనివ్వండి. మాటలన్నీ ఆడియో రికార్డు చేసుకోండి, ఫొటో మారినప్పుడల్లా నంబరు పైకి చదవండి. రిజిస్టరులో ప్రతి పేరు పక్కన మూడు సంగతులు ఉండాలి: ఎవరు చెప్పారు, ఆమె అప్పుడు వాడుకున్న పేరేమిటి, ఇప్పుడు ఆ పేరు బయటపెట్టడానికి ఆమె ఒప్పుకున్నారా. మూడోది ఖాళీగా ఉంటే ఒప్పుకోలేదనే లెక్క. చనిపోయినవారి విషయంలో కుటుంబాన్ని అడిగితే చాలనుకోకండి, ఆమె కుటుంబం దగ్గర దాచుకున్నది స్నేహితురాళ్లకే తెలిసి ఉండొచ్చు. ఫైలు పేరులో మనిషి పేరు పెట్టకండి. తేదీ, పెట్టె నంబరు, వరస నంబరు చాలు. స్పానిష్ ఒత్తుల గుర్తులు కూడా ఫైలు పేర్లలో వద్దు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు చెడిపోతాయి.

ఫొటోగ్రాఫర్ లారా ఆగిలార్ 1986 నుంచి 1990 వరకు తీసిన లాటినా లెస్బియన్ల ఫొటోల వరసలో, ప్రతి ఫొటో కింద ఆ స్త్రీ చేతిరాతతో తన గురించి రాసుకున్న మాటలు ఉంటాయి. వివరణ రాసే హక్కు ఎవరిదో ఆ పద్ధతి చూస్తే తెలుస్తుంది. మీ కాప్షన్లు కూడా వాళ్ల మాటల్లోనే ఉంచండి.

డిజిటైజ్ చేయడంలో మొదటి వరస కేసెట్లదే. కాగితం ఇంకో యాభై ఏళ్లు ఆగుతుంది. టేపు ఆగదు, ఆడించే యంత్రాలు అంతకన్నా ముందే కరువవుతున్నాయి. ముందుగా కేసెట్ వెనక అంచునున్న రికార్డింగ్ ట్యాబ్‌లు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా. లోపల టేపుకు ఆనే చిన్న ఫెల్టు ముక్క ఊడిందేమో చూడండి. ఊడితే టేపును స్క్రూలున్న కొత్త డబ్బాలోకి మార్చాలి. చవకగా దొరికే యూఎస్‌బీ కేసెట్ ప్లేయర్లు వద్దు. వేగం ఊగిసలాడుతుంది, టేపును చదివే హెడ్ కోణం సరిచేసుకునే వీలుండదు, మాటలు దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంటాయి. పాతదైనా మంచి డెక్ సంపాదించి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కో టేపుకూ హెడ్ కోణం సరిచేసి, అసలు వేగంలోనే ఆడించండి. లేబుల్ మీద డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) అని ఉంటేనే డాల్బీ వేయండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీసుకుంటే స్టీరియో గంటకు సుమారు 2 జీబీ అవుతుంది. శబ్దం శుభ్రం చేయడం, గొంతు పెంచడం లాంటివి నకలు మీదే.

వీహెచ్‌ఎస్ టేపులు కొన్నే కాబట్టి అనుభవమున్న సంస్థకు ఇవ్వడమే మంచిది. ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు. నాలుగు బై ఆరు అంగుళాల రంగుల ఫొటో ఒకటి 26 ఎంబీ దాకా వస్తుంది. కాగితాలకు 400 చాలు. టీషర్టులు, బ్యానర్లు దొరికితే ఉతకొద్దు. బ్యానర్‌ను మడవకుండా యాసిడ్ లేని గొట్టానికి చుట్టండి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) తీసి, మూడు కాపీలు పెట్టండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

బులెటిన్లకు రెండు రకాల ఫైళ్లు చేయాలి. ఒకటి పూర్తిది, తాళంలో. ఇంకోటి బయటికిచ్చేది, అడ్రసులు, ఫోన్ నంబర్లు, ఒప్పుకోని పేర్లు మూసేసి. ఇక్కడ చాలామంది ఒకే తప్పు చేస్తారు: పీడీఎఫ్ మీద నల్ల గీత పెట్టి ఊరుకుంటారు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) చదివిన అక్షరాలు ఆ గీత కిందే ఉంటాయి, ఎవరైనా కాపీ చేసి అతికిస్తే పేరు బయటికొస్తుంది. ముందు బొమ్మ మీదే మూసి, ఆ మూసిన బొమ్మ నుంచి కొత్త పీడీఎఫ్ చేసి, ఓసీఆర్ ఆ తర్వాత నడపండి. ఆపైన మూసిన పేర్లను వెతికి ఏవీ రావడం లేదని చూసుకోండి.

ఇంటర్వ్యూలు చేస్తే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, ఒక్కొక్కరికి ఒక మైకు. అనుమతి పత్రం స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. అందులో వెంటనే అందరికీ, ఫలానా ఏడాది తర్వాత, మారుపేరుతో, తన మరణం తర్వాత అనే దారులన్నీ ఉండాలి, సంతకం ఇంటర్వ్యూ ముగిశాకే. ఏం చెప్పానో తెలిశాకే మనిషి ఒప్పుకోగలరు. ఒక వాక్యంలో రెండు భాషలు కలిసే మాటను, ఆడియోను రాతగా మార్చే యంత్రం సరిగా రాయదు, ఒక్కోసారి స్పానిష్‌ను చెప్పకుండానే ఇంగ్లీషులోకి మార్చేస్తుంది. కాబట్టి గంట ఆడియోకు చేతిపని ఆరు నుంచి ఎనిమిది గంటలు పెట్టుకోండి. మారుపేర్ల సంగతికి ఒక ఉదాహరణ: లాటినా లెస్బియన్ హిస్టరీ ప్రాజెక్టు 1987లో తెచ్చిన ‘కొంపన్యేరాస్’ సంకలనానికి సంపాదకురాలిగా ఉన్న పేరు హువానితా రామోస్. ఆమె హువానితా దియాస్ కోతో అన్నది తర్వాత బహిరంగమైంది కాబట్టి కేటలాగు రెండింటినీ కలపగలదు. మీ బులెటిన్లో రాసినామె కలపకపోతే మీరు కలపకూడదు. కేటలాగులో లైబ్రరీలు ఒక విషయానికి పెట్టే ప్రామాణిక శీర్షికతో పాటు బృందం తనను తాను పిలుచుకున్న మాట కూడా వెతికితే దొరికేలా ఉండాలి. మయామీలో 1991 నుంచి 94 వరకు నడిచిన లాటినా లెస్బియన్ పత్రిక ‘ఎస్తో నో తియెనె నోంబ్రె’ సంపాదకుల్లో ఒకరైన తాతియానా దె లా తియెర్రా తర్వాత లైబ్రేరియన్ అయ్యి, ఈ శీర్షికల మీదే గట్టిగా వాదించింది.

ఎవరికి ఇవ్వాలన్నది చివరి సంగతి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం బెన్సన్ గ్రంథాలయంలో రచయిత్రి గ్లోరియా అన్సాల్దువా కాగితాలూ, 1987 నుంచి 2004 వరకు నడిచిన లాటినో లెస్బియన్, గేల జాతీయ సంస్థ యేగో రికార్డులూ ఉన్నాయి. లాస్ ఏంజెలస్‌లో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో చికానో (మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల) స్టడీస్ కేంద్రం ఉంది. లెస్బియన్ చరిత్ర సేకరణకు జీవితం పెట్టిన యోలాండా రెట్టర్ 2007లో చనిపోయేవరకు అక్కడే లైబ్రేరియన్. న్యూయార్క్‌లో 1974లో మొదలైన లెస్బియన్ హర్‌స్టోరీ ఆర్కైవ్స్ తన సేకరణను విశ్వవిద్యాలయం చేతికి ఇవ్వకూడదనే నియమంతోనే నడుస్తోంది. నా లెక్కలో మొదట దగ్గరలో ఉన్నదాన్ని చూడాలి, ఆ ఆడవాళ్లు బస్సెక్కి వచ్చి చూసుకోగలగాలి. కాకపోతే 2024 జనవరి 1 నుంచి టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల డైవర్సిటీ కార్యాలయాలపై నిషేధం అమల్లో ఉంది. పరిశోధనకూ బోధనకూ మినహాయింపు ఉన్నా, మీ సేకరణను చూసుకునే ఉద్యోగం ఏ పద్దు కింద ఉందో రాతపూర్వకంగా అడగండి. అసలు కాగితాలు కేంద్రంలోనే ఉంచి డిజిటల్ నకళ్లు మాత్రమే సంస్థకు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, బెన్సన్‌కు అందులో అనుభవముంది.

దానపత్రం మీద సంతకం చేసేముందు వీటికి జవాబు ఉండాలి. పెట్టె ఆవిడదే అయినా, ఫొటో కాపీరైటు తీసినవాళ్లదీ, ఉత్తరానిది రాసినవాళ్లదీ, కాబట్టి ఆమె తనకున్న హక్కులే ఇవ్వగలరు. ఒకే బులెటిన్‌కు అదనంగా ఉన్న కాపీలు పారేస్తారా, తిరిగిస్తారా? సభ్యుల జాబితాలు ఏ ఏడాది దాకా మూసి ఉంటాయి? ఆ తేదీ లోపల ఎవరైనా చూస్తామంటే ఒప్పుకునేది ఎవరు? ఆఖరి ప్రశ్నకు ఆవిడ పేరొక్కటే రాయించకండి. ఆమె తర్వాత నిర్ణయించడానికి ఆ బృందంలోనివాళ్లే ఇంకో ఇద్దరి పేర్లు, వాళ్ల ఒప్పుకోలుతో, పత్రంలో ఉండాలి.