గెలిస్తే ఏమవుతుందోనన్న భయం

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. మొన్నటి వరకు తరగతిలో అందరికంటే ముందుండేది. ఈ ఏడాది మార్కులు ఉన్నట్టుండి తగ్గాయి. లెక్కల టీచర్ పిలిచి జవాబు పత్రం చూపించారు. చివరి రెండు లెక్కలు చిత్తు పేజీలో పూర్తిగా, తప్పు లేకుండా చేసింది. జవాబు రాయాల్సిన చోట మాత్రం ఖాళీగా వదిలేసింది. అడిగితే ‘టైం చాలలేదు’ అంటోంది. పోటీ పరీక్షకు పేరు ఇవ్వనంటోంది. సైన్స్ వద్దు, ఏదైనా సులువైన కోర్సు చాలంటోంది. వాళ్ల అన్నయ్య గత ఏడాది పరీక్ష తప్పాడు. వాడికి చెల్లెలిని చూపించి బుద్ధి చెబుతుంటాం. ఇంత తెలివైన పిల్లకు ఈ వెనకడుగు ఎందుకో తెలియడం లేదు. తను అడిగిన కోర్సులోనే చేర్చేయమంటారా?
– ఒక తల్లి

జవాబు: ఇప్పుడే చేర్చకండి. ఆ చిత్తు పేజీని కాస్త నిదానంగా చూడండి. పాఠం రాని పిల్ల, పరీక్షంటే కంగారుపడే పిల్ల చిత్తులోనే తడబడతారు. మీ అమ్మాయి లెక్క తేల్చి, ఎక్కించకుండా ఆగిపోయింది. ఒక్క పరీక్షలో అయితే టైం చాలలేదన్న మాట నమ్మవచ్చు. పోటీ పరీక్ష వద్దనడం, కోర్సు మార్చమనడం కూడా దానికి తోడయ్యాక నమ్మడం కష్టం.

ఓడిపోతామన్న భయం అందరికీ తెలిసిందే. గెలుపంటే కూడా భయపడతారంటే మాత్రం చాలామంది వింతగా చూస్తారు. 1960లలో అమెరికాలో మటీనా హార్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చి కథ అల్లమన్నారు. మొదటి టర్ము పరీక్షలయ్యేసరికి ఆన్ తన వైద్య కళాశాల తరగతిలో అందరికంటే ముందుంది, అంతే ఆ వాక్యం. అబ్బాయిలకు ఆన్ బదులు జాన్. 90 మంది అమ్మాయిల్లో సుమారు 65 శాతం మంది ఆన్‌ను కష్టాలపాలు చేశారు. స్నేహితులు దూరమయ్యారనో, పెళ్లి కాలేదనో, తప్పు చేసినట్టు తనలో తనే కుమిలిపోయిందనో రాశారు. జాన్‌కు అలాంటి గతి పట్టించిన అబ్బాయిలు 10 శాతం లోపే.

దీన్ని పట్టుకుని ‘ఆడపిల్లల స్వభావమే అంత’ అని తేల్చేసేవాళ్లు ఉంటారు. నాకు ఆ మాట నచ్చదు. తర్వాతి అధ్యయనాలు కూడా దాన్ని నిలవనివ్వలేదు. 1971లో అదే విశ్వవిద్యాలయంలో లోయిస్ హాఫ్‌మన్ మళ్లీ పరిశీలిస్తే అమ్మాయిల్లో 65 శాతం, అబ్బాయిల్లో ఏకంగా 77 శాతం మంది అలాంటి కథలే రాశారు. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలపై 1974లో వెలువడిన మరో అధ్యయనంలో, ఆన్ గురించి అడిగితే అబ్బాయిలు కూడా చేదు కథలే చెప్పారు. కళాశాలల్లో చదివే నల్లజాతి అమ్మాయిల్లో ఈ భయం శ్వేతజాతి అమ్మాయిల కంటే తక్కువగా కనిపించిందని పరిశోధకులు వెస్టన్, మెడ్నిక్ 1970లోనే రాశారు. పెరిగిన చోటును బట్టి మారేది స్వభావం ఎలా అవుతుంది? ఆడపిల్ల గెలిస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఏ వెల అడుగుతారో పిల్లలు కనిపెడుతూ ఉంటారు.

ఆ వెల ఇంటింటికీ వేరు. ఇంట్లో తొలిసారి పై చదువుల గడప తొక్కబోయే పిల్లకు, రేపు అమ్మానాన్నలతో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదేమోనన్న బెంగ. అందరూ పెద్ద చదువులు చదివిన ఇంట్లో ఈసారి 95 తెస్తే వచ్చేసారి 98 అడుగుతారు, అందుకే 85 దగ్గరే ఆగిపోవడం మేలనిపిస్తుంది. డబ్బుకు ఇబ్బందిపడే ఇంట్లో మంచి సీటు వచ్చిందంటే ముందు గుర్తొచ్చేది అప్పు.

మీ ఇంటి వెల ఏమిటో నాకు మీ ఉత్తరంలోనే కనిపించింది. అన్నయ్య సంగతి మీరు రెండు ముక్కల్లో రాసి దాటిపోయారు. నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది. చెల్లెలికి వచ్చే ప్రతి మార్కూ అన్నకు ఒక చీవాటుగా మారుతోంది. తన మార్కులు తగ్గితే ఇంట్లో గొడవ తగ్గుతుందన్న లెక్క ఆ పిల్ల ఎప్పుడో తేల్చుకుని ఉంటుంది. ఇది నా ఊహే. తరగతిలో ఎవరైనా దెప్పుతూ ఉండవచ్చు కూడా. అందుకే అడిగి తెలుసుకోండి. ‘ఎందుకు భయం?’ అంటే ‘భయమేమీ లేదు’ అంటుంది, మాట అక్కడితో తెగిపోతుంది. ‘నీకే మొదటి స్థానం వచ్చిందనుకో, ఆ సాయంత్రం మన ఇంట్లో ఏం జరుగుతుంది? మర్నాడు తరగతిలో ఎవరు ఏమంటారు?’ అని అడగండి. చెబుతున్నప్పుడు ‘అలాంటిదేమీ జరగదులే’ అని అడ్డుపడకండి. ఆమె చూసిందే చెబుతూ ఉండవచ్చు.

పోలికలు ఈ రోజే ఆపేయండి. మీరు ఆపినా వాళ్ల నాన్నగారు కొనసాగిస్తే లాభం లేదు కనుక ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండి. అబ్బాయికి కావలసిన సాయం గురించి చెల్లెలి ప్రస్తావన లేకుండా అతనితో విడిగా కూర్చోండి. బడిలో మార్కులు అందరి ముందూ చదివే అలవాటుంటే, మీ అమ్మాయి పత్రం నేరుగా చేతికివ్వమని టీచర్‌ను కోరండి. పోటీ పరీక్షకు తోటి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురితో కలిసి పేరు ఇవ్వమనండి. గుంపులో ఒకరిగా ఉంటే ఎత్తి చూపే వేళ్లు తగ్గుతాయి. ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలు మాత్రం దయచేసి వద్దు. తనకు లెక్క వచ్చని ఆ పిల్లకు మనకంటే బాగా తెలుసు.

నిద్ర, ఆకలి తగ్గినా, స్నేహితులను కలవడం మానేసినా ఆలస్యం చేయకుండా మానసిక నిపుణులకు చూపించండి.

ఇక కోర్సు. నిజంగా ఇష్టపడిన పిల్ల ఆ కోర్సులో ఏం చదవాలనుందో, తర్వాత ఏ పని చేయాలనుందో నాలుగు మాటలు చెబుతుంది. ‘ఏదైనా సులువైనది’ అన్నదాన్ని నేను ఇష్టం కింద లెక్కవేయను. సైన్స్‌కూ, ఆమె అడిగినదానికీ రెండింటికీ దరఖాస్తు పెట్టించండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన చేరాలని లేదని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. చేరే గడువు వచ్చేదాకా తేల్చమని ఒత్తిడి చేయకండి. అప్పటికి ఇంట్లో పోలికలు నిజంగా ఆగి ఉంటే ఆమె ఏది ఎంచుకున్నా ఒప్పుకోండి, అది సైన్స్ కాకపోయినా సరే.