అందరూ ఒకే అమ్మాయిలా పాడుతున్నారేంటి? (పాటల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్. కాలేజీకి దింపేటప్పుడు కార్లో దాని ఫోనే కనెక్ట్ అవుతుంది. టేలర్ స్విఫ్ట్, ఒలీవియా రోడ్రిగో, సబ్రీనా కార్పెంటర్, గ్రేసీ ఏబ్రమ్స్ అని గాయనుల పేర్లు మారుతుంటాయి గానీ నాకైతే పటమట నుంచి కానూరు దాకా ఒకే పిల్ల ఏడుస్తున్నట్టుంటుంది. అదేమో "నాన్నా నీకు వినడం రాదు" అంటోంది. ఎవరిది కరెక్టండీ?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: సౌండ్ వరకు మీ చెవి కరెక్టేనండి, మొహమాటం ఏమీ లేదు. పాడేవాళ్ళు పదిమంది ఉన్నా వెనకాల ప్రొడ్యూసర్లు (డబ్బు పెట్టేవాళ్ళు కాదు, పాట సౌండ్ తయారుచేసేవాళ్ళు) తిప్పి తిప్పి వాళ్ళే. జాక్ ఆంటనాఫ్ అని ఒకాయన, టేలర్‌తో ఏళ్ళ తరబడి చేస్తున్నాడు, 2017లో లార్డ్ అనే గాయనికి మెలోడ్రామా ఆల్బమ్ చేశాడు, 2019లో లానా డెల్ రే అనే ఇంకో గాయనికి చేశాడు, 2024లో సబ్రీనా ఆల్బమ్ షార్ట్ ఎన్ స్వీట్‌లో కూడా కొన్ని పాటలు ఆయనవే. ఏరన్ డెస్నర్ టేలర్‌కి 2020లో ఫోక్‌లోర్ ఆల్బమ్ చేసి తర్వాత గ్రేసీ దగ్గర తేలాడు. డాన్ నీగ్రో అటు ఒలీవియాకీ ఇటు చాపెల్ రోన్ అనే గాయనికీ. బీసెంట్ రోడ్డులో ఒకే టైలర్ దగ్గర కుట్టించిన జాకెట్లు ఎలా ఉంటాయో అలాగే, బట్ట ఎవరిది వాళ్ళదే, మెడ కట్ మాత్రం ఒకటే.

ఇక మాటల దగ్గరికొస్తే మీ అమ్మాయిదే గెలుపు. ఈసారి కార్లో ఒలీవియా పాట డ్రైవర్స్ లైసెన్స్ వస్తే మొదటి పది సెకన్లు వినండి. కారు డోరు తీసి ఉంటే టింగ్ టింగ్ మంటుంది చూడండి, ఆ సౌండ్‌తోనే మొదలౌతుంది, వింటుండగానే అదే పియానోగా మారిపోతుంది. 2021 జనవరిలో అది వచ్చేనాటికి ఒలీవియాకి 17 ఏళ్ళు. లైసెన్స్ వస్తే నీ ఇంటికొస్తానన్న పిల్ల, తీరా లైసెన్స్ చేతికొచ్చాక అబ్బాయి లేడు, ఊరికే వీధులమ్మట తిరుగుతోంది, అంతే కథ. టేలర్ అలా తన గోడే చెప్పుకుంటూ కూర్చోదు, ఫోక్‌లోర్‌లో కార్డిగన్, ఆగస్ట్, బెటీ అని మూడు పాటలుంటాయి, ఒక అబ్బాయి ఇద్దరమ్మాయిల గొడవ, మూడు పాటలు ముగ్గురి నోటి నుంచీ, ఎవరి వాదన వాళ్ళది. మూడూ వరసగా విన్నాక ఆ అబ్బాయిని తిట్టాలో జాలిపడాలో తెలీదు (నేను తిట్టాను). సబ్రీనాది అంతా వెటకారం, టేలర్ ఈరాస్ టూర్‌లో టేలర్ కంటే ముందుగా స్టేజీ ఎక్కి పాడినప్పుడు తన నాన్సెన్స్ పాట చివరి లైన్లు ఊరికో రకంగా మార్చి పాడేది. గ్రేసీ గొణుగుతుంది. మూడో పాటకి నాకు ఓపిక అయిపోతుంది, మీ అమ్మాయికి చెప్పకండి.

ప్రశ్న: ఒలీవియా టేలర్‌ని కాపీ కొట్టిందా లేదా? మా రూంలో రోజూ ఇదే గొడవ.
– స్టూడెంట్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తమ్ముడూ, కాగితం మీద ఉన్నది చెప్తా. ఒలీవియా డేజా వూ పాట రిలీజయ్యాక టేలర్, ఆంటనాఫ్, గాయని సెయింట్ విన్సెంట్ ముగ్గురి పేర్లూ రైటర్లలో చేర్చారు, ఆ ముగ్గురూ రాసిన టేలర్ పాట క్రూయల్ సమ్మర్ పోలికలున్నాయని. ఒలీవియాదే ఇంకో పాట గుడ్ ఫర్ యూకి పారామోర్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళ పేర్లు చేర్చారు. అంటే డబ్బులో కూడా వాటా పోయినట్టే. నన్నడిగితే అది దొంగతనం కాదు, చిన్నప్పట్నుంచి విన్న పాటలు నోట్లోంచి అలా వచ్చేస్తాయి, పైగా తను టేలర్ ఫ్యాన్‌నని ఎప్పుడూ దాచుకోలేదు. కానీ గుడ్ ఫర్ యూ వింటే పారామోర్ గుర్తుకురాలేదని ఎవరన్నా అంటే మాత్రం నమ్మొద్దు.

ప్రశ్న: మా రోజుల్లో కెరోల్ కింగ్, జోనీ మిచెల్, కార్లీ సైమన్ ఉండేవారు. ఎవరి ముద్ర వారిది. ఇప్పుడా వ్యక్తిత్వాలు ఏవీ?
– రిటైర్డ్ లెక్చరర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ ముగ్గురూ ఇప్పటి పిల్లలకంటే ఎక్కువ కలగాపులగం. కెరోల్ ఆల్బమ్ టాపెస్ట్రీ, జోనీ ఆల్బమ్ బ్లూ రెండూ 1971వే, రెండూ హాలీవుడ్‌లో ఎ అండ్ ఎం స్టూడియోలో పక్కపక్క గదుల్లోనే రికార్డయ్యాయి. రెండింట్లో జేమ్స్ టేలర్ అనే గాయకుడి గిటారుంది. జోనీ పక్కకెళ్ళి కెరోల్ పాటలో కోరస్ కూడా పాడొచ్చింది. అదే జేమ్స్ టేలర్‌ని 1972లో కార్లీ సైమన్ పెళ్ళి చేసుకుంది. ఆంటనాఫ్ గొడవ అప్పుడే ఉందన్నమాట, పేరు వేరంతే!

అయినా ముద్ర వేరన్నారే, అది నూటికి నూరుపాళ్ళు నిజం. కెరోల్ 18 ఏళ్ళకే భర్త గెరీ గోఫిన్‌తో కలిసి వేరేవాళ్ళకి పాటలు చేసిచ్చిన మనిషి, అందుకే ఆవిడ పాట ఎవరు పాడినా నప్పుతుంది. జోనీ పాట ఆవిడ తప్ప ఇంకొకరు పాడితే ఏదో తేడా కొడుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడంచెయ్యి బలహీనపడింది, మామూలు కార్డులు (తీగల మీద వేళ్ళు నొక్కే పట్లు) పట్టుకోవడం కష్టమై గిటారు తీగల్నే తనకి వీలుగా శ్రుతి మార్చుకుంది, పాటపాటకీ మార్చేది, అందుకే మన గిటారు క్లాసు పిల్లలు మామూలు ట్యూనింగ్‌లో ఎంత వాయించినా బ్లూ రాదు.

ప్రశ్న: ఎప్పుడూ ఆడవాళ్ళనే ఒకరితో ఒకర్ని పోలుస్తారెందుకు? మగ గాయకులు ఎడ్ షీరన్, లూయిస్ కపాల్డీ ఒకేలా ఉన్నారని ఎవరూ అనరే?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అడిగారు చూడండీ. 90ల్లో అమెరికా రేడియో స్టేషన్లలో ఇద్దరు ఆడవాళ్ళ పాటలు వెంటవెంటనే వెయ్యకూడదని ఒక లెక్క ఉండేది. కచేరీల ప్రమోటర్లకీ అదే పట్టింపు. దానికి మండిపోయి గాయని సారా మెక్‌లాక్లన్ 1997లో లిలిత్ ఫెయిర్ అని మొత్తం ఆడవాళ్ళతోనే టూర్ పెట్టింది, హౌస్‌ఫుల్లులు. ఒక్క కుర్చీ వేసి పదిమందిని చుట్టూ నిలబెడితే పోలికలు రాక ఏమొస్తాయి? కపాల్డీ, షీరన్ మాత్రం నిజంగానే ఒకేలా ఉంటారు, అది నేను రాసిస్తా.

ప్రశ్న: తెలుగులో ఇలా సొంతంగా రాసి, ట్యూన్ కట్టి, పాడే అమ్మాయిలు ఎందుకు లేరు?
– బీటెక్ విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మన దగ్గర పాట అంటే సినిమా పాట కదమ్మా. సిట్యుయేషన్ డైరెక్టర్‌ది, ట్యూన్ మ్యూజిక్ డైరెక్టర్‌ది, మాట ఇంకొకరిది, గాయని వచ్చేసరికి మైకు తప్ప ఏం మిగల్లేదు. దాన్ని దాటినవాళ్ళు లేరని కాదు. భానుమతి గారు పాడుతూ, నటిస్తూనే 1953లో చండీరాణి డైరెక్ట్ చేశారు, కథలు రాశారు. మీ పక్కనే రేపల్లె దగ్గర పుట్టిన ఎస్. జానకి గారు మౌనపోరాటం సినిమాకి సంగీతం కూడా చేశారు, ఈ ముక్క చాలామందికి తెలీదు. ఆవిడకీ సుశీల గారికీ తేడా తెలియనివాళ్ళు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు, పెళ్ళిళ్ళలో పందేలు కూడా కాస్తారు. మీరు రాస్తుంటే మాత్రం సినిమా కోసం ఆగకండి, ఫోన్లో రికార్డు చేసి పెట్టేయండి.

ప్రశ్న: లానా డెల్ రే పాటలు వింటే నిద్రొస్తోంది. నాలో ఏదన్నా లోపమా?
– షాపు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: లేదండి, నాకూ వస్తుంది. రాత్రి పదిన్నర తర్వాత పెట్టుకోండి, పగలు షాపులో వద్దు.